సీనియారిటీ నంబరు కోసం: అమెరికా విమానయానంలో సైనిక, పౌర పైలట్ల పోటీ

అమెరికాలోని పెద్ద విమానయాన సంస్థల కాక్‌పిట్లలో రెండు దారుల నుంచి వచ్చినవారు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు వైమానిక దళంలోనో, నౌకాదళంలోనో, మెరైన్ కోర్‌లోనో విమానం నడపడం నేర్చుకుని, పదేళ్లో ఇరవై ఏళ్లో సేవ చేసి బయటికి వచ్చినవారు. మరొకరు సొంత ఖర్చుతో చిన్న విమానాల మీద శిక్షణ పొంది, కొత్తవారికి నేర్పుతూ ఎగిరిన గంటలు పోగుచేసుకుని, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే రీజినల్ ఎయిర్‌లైన్స్‌లో చాలీచాలని జీతానికి పనిచేసి, ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చినవారు. ఈ రెండు వర్గాల మధ్య దశాబ్దాలుగా ఒక వాదం నడుస్తూనే ఉంది. సైన్యం నుంచి వచ్చినవారికి చేతి నేర్పు ఉంటుంది గానీ పక్కవారితో కలిసి పనిచేయడం అలవాటుండదని పౌర పైలట్లు అంటారు. పౌర పైలట్లకు లాగ్‌బుక్‌లో గంటలు కనిపిస్తాయి గానీ కఠినమైన వడపోతను వారు చూసి ఉండరని సైనిక పైలట్లు అంటారు. పైకి ఇది నైపుణ్యం గురించిన తగవులా వినిపిస్తుంది. అయితే ఎవరు ఏ తేదీన సంస్థలో చేరారు, ఆ తేదీని అందుకోవడానికి ఎవరి సొమ్ము, ఎవరి వయసు ఖర్చయ్యాయి అన్న ప్రశ్నల దగ్గరే ఈ తగవుకు వేళ్లున్నాయి.

అమెరికన్ విమానయాన సంస్థల్లో పైలట్ ఉద్యోగ జీవితాన్ని దాదాపు పూర్తిగా శాసించేది సీనియారిటీ నంబరు. ఏ రకం విమానం నడపాలి, ఏ నగరం కేంద్రంగా పనిచేయాలి, ఎడమ సీటులో కెప్టెన్‌గా కూర్చోవాలా, కుడి సీటులో ఫస్ట్ ఆఫీసర్‌గా ఉండాలా, పండుగ రోజున ఇంట్లో ఉండే అవకాశం ఎవరికి దక్కాలి అన్నవన్నీ ఆ నంబరు వరుసలోనే తేలతాయి. ఆ నంబరు చేరిన తేదీని బట్టి వస్తుంది. ఒక సంస్థలో ఇరవై ఏళ్లు కెప్టెన్‌గా పనిచేసిన వ్యక్తి మరో సంస్థకు మారితే అక్కడి జాబితాలో అట్టడుగున, అతి జూనియర్ ఫస్ట్ ఆఫీసర్‌గా మొదటి ఏడాది జీతానికి మొదలుపెట్టాలి. మాంద్యం వచ్చి సంస్థ సిబ్బందిని తగ్గించుకుంటే, చివర చేరినవారే ముందు ఇంటికి వెళ్లాలి. యూనియన్లు దీన్ని గట్టిగా కాపాడుకోవడానికి బలమైన కారణమే ఉంది. యాజమాన్యం ఇష్టాయిష్టాల మీద పదోన్నతులు ఆధారపడితే, వాతావరణం బాగాలేదని విమానం కదిలించనన్న పైలట్ దానికి మూల్యం చెల్లించాల్సి వస్తుందన్న భయం 1931లో పైలట్ల యూనియన్ ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ పుట్టిన నాటి నుంచీ ఉంది. భద్రత కోసం మేలైన ఈ ఏర్పాటే, ఒక్క నెల ముందు చేరినవారికీ ఒక్క నెల తర్వాత చేరినవారికీ మధ్య ముప్పై ఏళ్ల పాటు చెరగని తేడాను సృష్టిస్తుంది.

దీనికి వయోపరిమితి తోడవుతుంది. 1960 నుంచి అమెరికాలో విమానయాన సంస్థల పైలట్లు అరవై ఏళ్లకు తప్పనిసరిగా దిగిపోవాల్సి వచ్చేది. 2007 డిసెంబరులో వచ్చిన చట్టం దాన్ని 65కు పెంచింది. దీన్ని 67 చేయాలన్న ప్రయత్నం 2024 నాటి విమానయాన చట్టంలో చోటు సంపాదించలేకపోయింది. అంటే ఆట ముగిసే గడియ అందరికీ ఒకటే, మొదలయ్యే గడియ మాత్రం ఒకటి కాదు. వైమానిక దళంలో పైలట్‌గా అర్హత పొందినవారు ఆ తర్వాత పదేళ్లు సేవ చేస్తామని ఒప్పుకోవాలి. డిగ్రీ, శిక్షణ కాలం కలుపుకుంటే బయటికి వచ్చేసరికి ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లు నిండుతాయి. పింఛను కోసం ఇరవై ఏళ్లు పూర్తి చేసేవారికి నలభై దాటుతాయి. నియామకాలు జోరుగా ఉన్న రోజుల్లో పౌర పైలట్ ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లకే పెద్ద సంస్థలో కాలు పెట్టగలడు. ఆ ఏడెనిమిదేళ్ల తేడా విలువ మొదట్లో తెలియదు. ఉద్యోగం చివరి దశలో, అత్యధిక జీతం వచ్చే పెద్ద విమానాలపై కెప్టెన్‌గా గడపగలిగే సంవత్సరాలు తగ్గినప్పుడు తెలుస్తుంది. దేశం పంపిన చోటికల్లా వెళ్లి యుద్ధంలో ఎగిరిన కాలంలో తమకు రావాల్సిన నంబర్లు ఇతరులకు పోయాయని సైనిక పైలట్లు బాధపడటం ఈ లెక్క వల్లే.

సీనియారిటీ ముందు శిక్షణ నేపథ్యం ఎంత చిన్న విషయమో చూపించిన ఘటన 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ సంస్థల విలీనం. రెండు జాబితాలను ఎలా కలపాలో తేల్చడానికి మధ్యవర్తిగా వచ్చిన జార్జ్ నికొలౌ 2007లో తీర్పు ఇచ్చాక, తమకు అన్యాయం జరిగిందని భావించిన యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు మరుసటి ఏడాది పాత యూనియన్‌ను వదిలి కొత్తది పెట్టుకున్నారు. కోర్టు వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగాయి. రెండు పక్షాల్లోనూ మాజీ ఫైటర్ పైలట్లు ఉన్నారు, సొంత ఖర్చుతో ఎదిగినవారూ ఉన్నారు. నంబరుకు ముప్పు వచ్చినప్పుడు వారిని కలిపింది తమ సంస్థ జాబితాయే. ఒకప్పుడు సైనిక యూనిఫాం వేశారా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు.

సైనిక పైలట్లకు తొలి దశాబ్దాల్లో దక్కిన ప్రాధాన్యం ఆర్థిక కారణాల వల్ల వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వేలాది మంది శిక్షితులైన పైలట్లు ఒక్కసారిగా పని కోసం వచ్చారు. ఆ తర్వాత కొరియా, వియత్నాం యుద్ధాలు ఆ ప్రవాహం ఆగకుండా చూశాయి. పన్ను చెల్లించేవారి సొమ్ముతో తయారైన పైలట్ చేతికి అందుతుంటే, విమానయాన సంస్థలకు శిక్షణపై ఖర్చు పెట్టాల్సిన అవసరం కనిపించలేదు. సైనిక శిక్షణ ఎంపికలోనే కఠినంగా వడకడుతుంది కాబట్టి, నియామక విభాగం చేయాల్సిన పని సగం ప్రభుత్వమే చేసిపెట్టినట్టయింది. ఇక్కడ తరచుగా మరచిపోయే విషయం ఒకటుంది. యుద్ధానికి ముందు 1938లో మొదలైన పౌర పైలట్ శిక్షణ పథకం 1944 నాటికి నాలుగు లక్షల మందికి పైగా శిక్షణ ఇచ్చింది. కళాశాలల్లో, చిన్న ఊళ్ల విమానాశ్రయాల్లో పౌర శిక్షకుల దగ్గర మొదటి పాఠాలు నేర్చుకున్నవారే తర్వాత సైన్యంలో చేరారు. అలబామా రాష్ట్రంలోని టస్కిగీలో శిక్షణ పొందిన నల్లజాతి పైలట్ల కథ కూడా ఈ పథకంతోనే మొదలైంది. సైనిక శిక్షణను ఒక ప్రత్యేక జాతిగా చూసేవారు ఈ మూలాన్ని గుర్తుంచుకోవాలి.

సైన్యం దారిలో నియామకాలు జరిగిన కాలంలో ఎవరెవరు బయట ఉండిపోయారన్నది ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన భాగం. అమెరికా వైమానిక దళంలో పనిచేసిన మార్లన్ గ్రీన్ 1957లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కు దరఖాస్తు చేశారు. ఆయన కంటే తక్కువ గంటల అనుభవం ఉన్న శ్వేతజాతి అభ్యర్థులను తీసుకుని, నల్లజాతివాడైన ఆయన్ను పక్కన పెట్టారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1963లో ఆయనకు అనుకూలంగా తీర్పు వచ్చింది. 1965లో గానీ ఆయన ఆ సంస్థలో చేరలేకపోయారు. సైనిక అర్హతకు పెద్దపీట వేస్తామన్న సంస్థలు ఆ అర్హత నల్లజాతి అభ్యర్థి చేతిలో ఉన్నప్పుడు దాన్ని అర్హతగానే చూడలేదు. మహిళల విషయంలో తలుపు మరింత గట్టిగా మూసి ఉంది. యుద్ధకాలంలో సైనిక విమానాలను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చిన వెయ్యి మందికి పైగా మహిళా పైలట్లకు 1977 దాకా మాజీ సైనికుల హోదాయే లేదు. నౌకాదళం 1974లో, వైమానిక దళం 1977లో తొలి మహిళా పైలట్లకు అర్హత ఇచ్చాయి. యుద్ధ విమానాల తలుపులు 1993లో తెరుచుకున్నాయి. అందువల్ల సైనిక నేపథ్యం కోరే నియామక విధానం, ఎవరూ నోటితో చెప్పకపోయినా, మగవారి కోసమే అయింది. 1973లో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్‌లో చేరిన ఎమిలీ హావెల్ వార్నర్ పౌర దారిలో వచ్చారు. డెన్వర్‌లో శిక్షకురాలిగా ఆమె నేర్పిన మగ విద్యార్థులు ఆమె కంటే ముందే సంస్థల్లో చేరిపోయారు. అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో చేరిన బానీ టిబర్జీ కూడా పౌర దారిలో వచ్చినవారే. పౌర శిక్షణ మార్గం తక్కువదని తేలిగ్గా మాట్లాడేవారు, ఆ మార్గమే లేకపోతే ఈ వృత్తిలోకి ఎవరికి ప్రవేశం ఉండేది కాదో ఒకసారి ఆలోచించాలి.

1978లో విమానయాన రంగంపై నియంత్రణలు తొలగాక చిత్రం మారింది. కొత్త సంస్థలు పుట్టుకొచ్చాయి. పెద్ద సంస్థలు చిన్న ఊళ్లకు సర్వీసులను రీజినల్ సంస్థలకు అప్పగించాయి. వియత్నాం తరం పైలట్లు వయసు మీరారు, ప్రచ్ఛన్న యుద్ధం తర్వాత సైన్యం తన బలాన్ని తగ్గించుకుంది. పౌర దారిలో వచ్చినవారి వాటా క్రమంగా పెరిగింది. అయితే ఈ దారి ఎక్కువ భారాన్ని పైలట్ భుజాల మీదనే వేసింది. శిక్షణ, లైసెన్సుల ఖర్చు ఇప్పుడు లక్ష డాలర్ల చుట్టూ తిరుగుతుంది. డిగ్రీ కలిపితే అంతకు మించుతుంది. 2000 దశకం చివర్లో రీజినల్ సంస్థల్లో కొత్త ఫస్ట్ ఆఫీసర్ జీతం ఏడాదికి ఇరవై వేల డాలర్ల చుట్టుపక్కల ఉండేది. అప్పు వాయిదాలు కడుతూ, సొంతూరికి దూరంగా ఉన్న కేంద్రానికి ప్రయాణాలు చేస్తూ, ఏళ్ల తరబడి పిలుపు కోసం ఎదురుచూసిన పౌర పైలట్‌కు, శిక్షణంతా ప్రభుత్వ ఖర్చుతో పొంది, కొందరి విషయంలో పింఛను కూడా అందుకుంటూ, రీజినల్ మెట్టు తొక్కకుండానే నేరుగా పెద్ద సంస్థలో చేరే సైనిక పైలట్ వరుస దాటి వచ్చినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఎదుటివారు చెల్లించిన మూల్యం ఎవరికీ కనిపించదు. ఎదుటివారికి దక్కిన సదుపాయం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం కూలి, నేల మీద ఉన్న ఒకరితో సహా యాభై మంది మరణించారు. బాధిత కుటుంబాల పోరాటం ఫలితంగా 2010లో వచ్చిన చట్టం, 2013లో అమలైన నిబంధన ప్రకారం, ప్రయాణిక విమానంలో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చోవడానికి కూడా సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి అయింది. మినహాయింపుల్లో సైనిక పైలట్లకు 750 గంటలు, ఆమోదిత విమానయాన కోర్సులో నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి 1,000 గంటలు, రెండేళ్ల డిగ్రీ చేసినవారికి 1,250 గంటలు చాలన్నారు. ఒకే కుర్చీకి సైనిక అభ్యర్థికి సగం గంటలు చాలనడం పౌర వర్గానికి గుచ్చుకుంది. ప్రతి గంటా పరీక్షకుల కళ్ల ముందు, నిర్దిష్ట ప్రమాణాల మీద జరిగే సైనిక శిక్షణకూ, ఎండ కాసే రోజున ఒకే ప్రాంతం చుట్టూ తిరుగుతూ పోగుచేసిన గంటలకూ తేడా ఉందన్నది నిజం. ఆ మాట ఒప్పుకుంటే 1,500 అనే సంఖ్యకే ఆధారం బలహీనపడుతుంది. కోల్గన్ విమానంలోని ఇద్దరు పైలట్లకూ అప్పటికే 1,500 గంటల కంటే ఎక్కువ అనుభవం ఉంది. గంటలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి చట్టం గంటలను పట్టుకుంది. ఆ గంటల్లో ఏం నేర్చుకున్నారో కొలవడం కష్టం కాబట్టి రెండు వర్గాల వాదన అక్కడే ఆగిపోయింది.

నిజానికి సైనిక పైలట్లు అన్న మాటే అనేక రకాల మనుషులను ఒక్క గాటన కట్టేస్తుంది. సీ-17, కేసీ-135 వంటి రవాణా, ఇంధన విమానాలు నడిపినవారు పెద్ద బహుళ ఇంజన్ల విమానంలో, సిబ్బందితో కలిసి, ఖండాలు దాటే ప్రయాణాలు చేసి ఉంటారు. వారి పని విమానయాన సంస్థ పనికి దగ్గర. ఫైటర్ పైలట్ ఒంటరి కాక్‌పిట్‌లో, చిటికెలో నిర్ణయం తీసుకోవడం నేర్చుకున్నవాడు. పదేళ్లలో అతని గంటలు 1,500 నుంచి 2,000 మధ్య ఉండవచ్చు, కానీ వాటిలో తీరిక గంటలు తక్కువ. ఏడాదికి వెయ్యి గంటల పరిమితిని తాకేంత వరకూ ఎగిరే రీజినల్ పైలట్‌కు రద్దీగా ఉండే విమానాశ్రయాలు, మంచు కురిసే రన్‌వేలు, ఒకే రోజు నాలుగైదు దిగడాలు, ఎప్పటికప్పుడు మారే సహచరులు చేతివేళ్లకు అలవాటైపోయి ఉంటారు. హెలికాప్టర్ పైలట్ల సంగతి మరీ వేరు. వారి గంటలు ఎన్ని ఉన్నా, స్థిర రెక్కల విమానాల మీద విడిగా శిక్షణ పొందాల్సిందే. పైలట్ల కొరత పెరిగినప్పుడు రీజినల్ సంస్థలే ఆ ఖర్చు భరించి వారిని తీసుకునే పథకాలు పెట్టాయి. సైనిక, పౌర అన్న రెండు పెట్టెల కంటే, ఒక్కరే ఎగిరారా, సిబ్బందితో ఎగిరారా అన్న ప్రశ్న ఎక్కువ విషయం చెబుతుంది.

సిబ్బంది మధ్య సంబంధం ప్రాణాంతకంగా మారగలదని విమానయాన రంగం 1970 దశకం చివర్లోనే గుర్తించింది. 1978లో పోర్ట్‌లాండ్ దగ్గర ఇంధనం అయిపోయి యునైటెడ్ విమానం కూలాక, కెప్టెన్‌తో కింది అధికారులు ధైర్యంగా మాట్లాడేలా శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన బలపడింది. యునైటెడ్ 1981లో అలాంటి శిక్షణ మొదలుపెట్టింది. సైనిక క్రమశిక్షణకు ఈ విషయంతో ఉన్న ముడిని దక్షిణ కొరియా అనుభవం తీవ్రంగా చూపించింది. కొరియన్ ఎయిర్ చాలాకాలం వైమానిక దళం నుంచి వచ్చినవారి మీద ఎక్కువగా ఆధారపడింది. 1997 ఆగస్టు 6న గువామ్‌లో ఆ సంస్థ బోయింగ్ 747 కొండను ఢీకొని 228 మంది మరణించిన ప్రమాదంలో, కెప్టెన్ అప్రోచ్‌ను, అంటే దిగే ముందు విమానాన్ని రన్‌వే వైపు తెచ్చే దశను, సరిగా నిర్వహించకపోవడంతో పాటు, మిగతా ఇద్దరు సిబ్బంది ఆయన్ను సరిగా గమనించి సరిదిద్దకపోవడాన్నీ దర్యాప్తు సంస్థ తప్పుపట్టింది. 1999 డిసెంబరులో లండన్ సమీపంలోని స్టాన్‌స్టెడ్ దగ్గర సరుకు విమానం కూలినప్పుడు, మాజీ వైమానిక దళ కల్నల్ అయిన కెప్టెన్ ముందున్న పరికరం తప్పు చూపిస్తున్నా, పక్కనున్న యువ ఫస్ట్ ఆఫీసర్ నోరు తెరవలేదు. ఆ తర్వాత సంస్థ విదేశీ నిపుణులను పిలిచి శిక్షణను మార్చుకుంది. 1999 తర్వాత కొరియన్ ఎయిర్ ప్రయాణిక విమానాల్లో ప్రాణాంతక ప్రమాదం జరగలేదు. మారింది శిక్షణ, కాక్‌పిట్ అలవాట్లు. ఆ మార్పులో మాజీ సైనిక పైలట్లూ భాగమయ్యారు. హోదా అనే గోడ సైన్యంలో పుట్టినా కూలదోయవచ్చని, పౌర సంస్థలోనూ పెరగవచ్చని దీని అర్థం.

2009 జనవరి 15న ఇంజన్లు ఆగిపోయి న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన యూఎస్ ఎయిర్‌వేస్ విమానం గురించి సైనిక వర్గం గర్వంగా చెప్పుకుంటుంది. కెప్టెన్ సలెన్‌బర్గర్ వైమానిక దళంలో ఎఫ్-4 యుద్ధ విమానం నడిపినవారు. ఆయన పక్కన ఇంజన్లను తిరిగి రాజేయడానికి చెక్‌లిస్ట్ చదివిన జెఫ్ స్కైల్స్ పౌర దారిలో వచ్చినవారు, ఆ రకం విమానమైన ఏ320 శిక్షణ అప్పుడే పూర్తి చేసుకున్నవారు. విమానంలోని 155 మందీ బతికారు. ఆ సుమారు మూడున్నర నిమిషాల్లో ఇద్దరూ పని పంచుకున్న తీరును శిక్షణ తరగతుల్లో చూపిస్తున్నారంటే, అక్కడ పాఠం ఒక్కరి గతం గురించి కాదు.

ఉద్యోగంలో చేరాక కూడా పోటీ ముగియదు. చాలామంది మాజీ సైనిక పైలట్లు అవసరమైనప్పుడు విధికి పిలిచే నేషనల్ గార్డ్, రిజర్వ్ దళాల్లో కొనసాగుతారు. 1994 నాటి చట్టం ప్రకారం సైనిక విధికి వెళ్లిన ఉద్యోగి తిరిగి వచ్చినప్పుడు, వెళ్లకుండా ఉంటే ఏ స్థానంలో ఉండేవాడో ఆ స్థానమే ఇవ్వాలి, సీనియారిటీ ఆగకూడదు. సెలవుల మొత్తానికి ఐదేళ్ల పరిమితి ఉన్నా, చాలా రకాల విధులు ఆ లెక్కలోకి రావు. కొందరు తమకు నచ్చని షెడ్యూల్ తప్పించుకోవడానికి సైనిక సెలవు వాడుకుంటారన్న గుసగుస పౌర సహచరుల్లో ఉంది. సెలవు పెట్టినవారిని సంస్థ అనుమానంగా చూస్తుందన్న ఫిర్యాదు అవతలి వైపు ఉంది. ఇతర స్వల్పకాలిక సెలవులకు జీతం ఇస్తూ సైనిక సెలవుకు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధమా అన్న ప్రశ్న యునైటెడ్, అలాస్కా ఎయిర్‌లైన్స్ మీద వేసిన కేసుల్లో 2021లో, 2023లో అప్పీలు కోర్టుల ముందుకు వచ్చింది. రెండు చోట్లా పైలట్ల వాదనకు ప్రాణం పోసే తీర్పులే వచ్చాయి. ఖాళీ అయిన షెడ్యూల్‌ను నింపే భారం సంస్థ ముందుచూపుతో మోయాల్సింది. అది సహచరుల మీద పడినప్పుడు కోపం తప్పుచోటికి మళ్లుతుంది.

ఇంతలో సైన్యం కూడా ఈ పోటీలో పక్షంగా మారింది. ఇటీవలి సంవత్సరాల్లో అమెరికా వైమానిక దళానికి సుమారు రెండు వేల మంది పైలట్ల కొరత ఉందని అధికారులు చెబుతూ వచ్చారు. సేవలో కొనసాగేవారికి ఏడాదికి యాభై వేల డాలర్ల దాకా బోనస్ ఇచ్చే అవకాశాన్ని చట్టం కల్పించింది. 2022లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన అనుబంధ రీజినల్ సంస్థల్లో కొత్త ఫస్ట్ ఆఫీసర్ జీతాన్ని గంటకు తొంభై డాలర్లకు పెంచింది. యునైటెడ్ అదే ఏడాది అరిజోనాలో సొంత శిక్షణ అకాడమీ తెరిచింది. ఉచితంగా అందే శిక్షిత పైలట్ కోసం ఎదురుచూసే అలవాటును పెద్ద సంస్థలు ఇప్పుడే వదులుకోవడం మొదలుపెట్టాయి. ఆ ఆలస్యం ఖరీదును రెండు తరాల పౌర పైలట్లు అప్పుల రూపంలో చెల్లించారు.

భారతదేశంలో ఇదే పోటీ మరో రూపంలో కనిపిస్తుంది. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీలో, హకీంపేటలో తయారయ్యే పైలట్‌కూ, బేగంపేటలోనో విదేశంలోనో ఫ్లయింగ్ స్కూల్లో చేరే యువకుడికీ వయసు తేడా అమెరికాలో కంటే పెద్దది. ఇక్కడ 200 గంటలతో కమర్షియల్ లైసెన్స్ పొంది, టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత, పొందినవారు ఏ320 కుడి సీటులో కూర్చోవచ్చు కాబట్టి, ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకే వరుసలో చోటు దొరుకుతుంది. దాని కోసం కుటుంబం ఆస్తి తాకట్టు పెట్టి, కోటి రూపాయల దాకా ఖర్చు చేసి ఉండవచ్చు. వైమానిక దళ అధికారి విడుదలకు అనుమతి తెచ్చుకుని, పౌర లైసెన్సు పరీక్షలు రాసి వచ్చేసరికి నడివయసుకు దగ్గరవుతాడు. అయితే ఎక్కువ గంటల అనుభవం అతన్ని కెప్టెన్ అర్హతకు త్వరగా చేర్చగలదు. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. ఆ విమానాలు రావడం ఆలస్యమైన ప్రతిచోటా కెప్టెన్ సీట్లు పెరగడం కూడా ఆగుతుంది. కుడి సీటులో ఏళ్ల తరబడి వేచి ఉన్న పౌర పైలట్‌కూ, అనుభవంతో ఆలస్యంగా వచ్చిన సైనిక పైలట్‌కూ మధ్య ఎడమ సీటు ముందు ఎవరికి దక్కాలన్నది అప్పుడు ఒక్కో సంస్థ లిఖితపూర్వకంగా తేల్చాల్సిన నియమం అవుతుంది.